పేర్లు చదవని జాబితా

దోహాలోని మా తెలుగు సంఘం నన్ను కార్యదర్శి పదవి నుంచి తీసేసి మూడేళ్ళయింది. ఇప్పటికీ సూపర్‌మార్కెట్‌లో కూరగాయల దగ్గర ఎవరో ఒకరు ఎదురుపడి, గొంతు తగ్గించి, "మీకలా జరగాల్సింది కాదండీ" అంటారు. జరగాల్సిందేనని నేను చెబుతాను. నన్ను తీసేయడం న్యాయమే. కానీ ఏ కారణం చెప్పి తీసేశారో ఆ కారణం మాత్రం అబద్ధం. రెండూ నిజమే. పదకొండేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, అలాంటివి జరుగుతాయని నాకు తెలుసు.

కరీంనగర్‌లో డిగ్రీ కాలేజీలో చెప్పేదాన్ని. మా ఆయనకు ఇక్కడ ఒక నిర్మాణ కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం వచ్చాక నా ఉద్యోగం మానేసి వచ్చాను. అల్ అజీజియాలో ఫ్లాటు. మొదటి ఏడాదంతా నన్ను అందరూ "ఇంజనీరుగారి మిసెస్" అనే పిలిచారు. నాకొక పేరుందని, దాని వెనక రెండు డిగ్రీలున్నాయని చెప్పుకునే సందర్భమే రాలేదు. కాబట్టి సంఘం వాళ్ళు నెలకోసారి శుక్రవారం సాయంత్రం గొప్పవారి జీవితాల మీద అరగంట మాట్లాడమని ఆడవాళ్ళను అడిగినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

నా వంతు వచ్చేలోపు మాట్లాడినవాళ్ళు శాస్త్రవేత్తల గురించి, సాధువుల గురించి చెప్పారు. నేను ఫ్రెంచి విప్లవంలో తల పోగొట్టుకున్న ఒక వకీలును ఎంచుకున్నాను. రాజుకు మరణశిక్ష వెయ్యాలని వాదించినవాడు, చివరికి తనూ అదే కత్తి కింద పడినవాడు. అధ్యక్షుడు నా కాగితం చూసి, "ఇంకెవరూ దొరకలేదామ్మా?" అన్నారు. ఆయన పెద్ద కంపెనీలో మేనేజరు, మర్యాదస్తుడు, గోదావరి జిల్లా మనిషి.

"గెలిచినవాళ్ళ గురించి అందరూ చెప్పారండీ. ఓడిపోయినవాడి గురించి నేను చెబుతాను" అన్నాను.

అద్దెకు తీసుకున్న స్కూలు హాలు. ముందు వరసల్లో కుటుంబాలు, వెనక గోడకు ఆనుకుని పది మంది కార్మికులు. వాళ్ళు అల్ రయ్యాన్ అవతల ఒక క్యాంపులో ఉండేవారు. ఎక్కువమంది జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్ళు. శుక్రవారం సెలవు కాబట్టి మనోళ్ళ ప్రోగ్రామని వచ్చి, కుర్చీలు వేసి, వంట పాత్రలు దించి, అయిపోయాక మళ్ళీ అన్నీ సర్దేవారు. అదొక ఆనవాయితీ అయిపోయింది. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు.

ఆ రోజు వకీలు చిన్నతనం చెప్పాను. ఆరేళ్ళకు తల్లి చనిపోయింది. తండ్రి పిల్లలను వదిలేసి ఎటో వెళ్ళిపోయాడు. తాతా మేనత్తలూ పెంచారు. చదువులో ముందుండి ఉపకార వేతనంతో రాజధానికి వెళ్ళాడు. తిరిగొచ్చి బీదవాళ్ళ కేసులు పట్టాడు. న్యాయమూర్తిగా ఒకడికి మరణశిక్ష వెయ్యాల్సి వస్తే అన్నం సహించక ఆ పదవే వదులుకున్నాడని చెబుతారు. చట్టసభకు వెళ్ళాక బానిసత్వం వద్దని, బీదవాళ్ళకు ఓటు కావాలని, మరణశిక్షే ఉండకూడదని వాదించాడు. ఎవరూ కొనలేని మనిషని పేరొచ్చింది. దేశమంతా పేరు మోగుతున్నా ఒక వడ్రంగి ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేవాడు.

అరగంట అయిపోయింది. చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఒకాయన చెయ్యెత్తాడు. టైల్స్ వేసే మేస్త్రీ, యాభై దగ్గర పడుతున్న మనిషి.

"మేడం, మరణశిక్ష వద్దన్నోడు, మల్ల రాజును ఎందుకు సంపుమన్నడు?"

అదే ప్రశ్న నా విద్యార్థులు అడగాలని పదకొండేళ్ళు ఎదురుచూశాను. "వచ్చే నెల చెబుతానన్నా" అన్నాను.

తర్వాత భోజనాలు. కుటుంబాలు బల్లల ముందు కూర్చున్నాయి. వడ్డన నడుస్తుండగా చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళాను. వరండాలో ఆ మేస్త్రీ, మిగతావాళ్ళూ గోడకు ఆనుకుని, కాగితం ప్లేట్లు చేతిలో పట్టుకుని నిలబడి తింటున్నారు. లోపల వడ్డించిన స్వీటు మాత్రం వాళ్ళ ప్లేట్లలో లేదు.

నేను లోపలికి వెళ్ళి నా ప్లేటు తెచ్చుకుని వరండాలో నేల మీద కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు జాలి కంటే కోపమే ఎక్కువ. రెండు నిమిషాల తర్వాత ఇంకొకావిడ తన ప్లేటుతో వచ్చి నా పక్కన చతికిలబడింది. కాకినాడావిడ, మా పై అంతస్తులో ఉంటుంది. "ఒక్కదానివే కూర్చుంటే పిచ్చిదానిలా ఉంటావక్కా. ఇద్దరం ఉంటే కొంచెం నయం" అంది. మాకు స్నేహం కలిసింది అక్కడే.

సర్వసభ్య సమావేశంలో మేమిద్దరం కలిసి రాసిన మూడు నియమాలు ముందు పెట్టాం. అందరికీ ఒకే బంతి. ఎవరికీ ముందుగా పట్టి ఉంచిన కుర్చీలు ఉండవు. వడ్డన అన్ని కుటుంబాలూ వంతులవారీగా చెయ్యాలి.

అధ్యక్షుడు ఓపిగ్గా విన్నారు. "మీరన్నది బాగానే ఉందమ్మా. కానీ మన పక్కన కూర్చోవడం వాళ్ళకే ఇబ్బందిగా ఉంటుంది."

"వాళ్ళనడిగారా?"

"అడగాల్సిన పనేముంది?"

నేను వెనక్కి తిరిగాను. "అన్నా, మా పక్కన కూసుంటే మీకు ఇబ్బందా?"

మేస్త్రీ ఒక్క క్షణం ఆలోచించాడు. "కూసుంటే ఏమైతది మేడం. నిలవడి తింటెనే కాళ్ళు గుంజుతున్నయ్."

హాలంతా నవ్వింది. ఆ నవ్వుతోనే మేం గెలిచాం. మూడు నియమాలూ నెగ్గాయి. నన్ను కార్యదర్శిని చేశారు.

ఆ తర్వాతి నాలుగైదు నెలలు నా జీవితంలో మంచి రోజులు. ఒక శుక్రవారం బంతిలో ఒక బ్యాంకు ఆఫీసరు పక్కన మేస్త్రీ కూర్చున్నాడు. ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియక చాలాసేపు పప్పు కలుపుకున్నారు. చివరికి మేస్త్రీ, "మీరు యాడుంటరు సార్?" అని అడిగాడు. ఆఫీసరు తన టవరు పేరు చెప్పాడు. "పన్నెండో అంతస్తు దాంక బాత్రూంలన్ని నేనే ఏసిన" అన్నాడు మేస్త్రీ. "మాది తొమ్మిది" అన్నాడు ఆఫీసరు. తర్వాత వాళ్ళ మాటలు ఆగలేదు. గీజరు కింద నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయో, ఆ రోజు ఫోర్‌మన్ ఏం తొందర పెట్టాడో, అన్నీ వచ్చాయి. ఇప్పటికీ ఆ బంతిని నేను తల్చుకుంటాను. అందుకోసం ఎన్ని తిట్లు పడమన్నా పడతాను.

పాడు చేసింది నేనే. మొదట్లో చిన్నగా మొదలైంది. వడ్డన వంతుకు రానివాళ్ళ పేర్లు రాసుకున్నాను. తర్వాత ఆ పేర్లు మైకులో చదివాను. ఆ తర్వాత రెండు కుటుంబాలను ఒక కార్యక్రమానికి రావద్దన్నాను. వాళ్ళలో ఒకావిడ పిల్లకు జ్వరం వచ్చి రాలేదని తర్వాత తెలిసింది. "చెబితే సరిపోయేది కదా" అన్నాను. చెప్పడానికి నాకు ఫోన్ చేసేంత ధైర్యం ఆవిడకు లేదన్న సంగతి నాకు తట్టలేదు.

"నీకు దొరికింది సంఘమా, క్లాసు రూమా?" అన్నాడు మా ఆయన ఒకసారి. ఆ మాటకు రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆ నెలల్లోనే వకీలు కథ కూడా నడుస్తోంది. రాజును చంపమన్నది ఎందుకో చెప్పాను. యుద్ధం, ఆకలి, నలువైపులా శత్రువులు, ఆ భయంలో అతనున్న కమిటీ చేతికి అధికారం ఎలా వచ్చిందో చెప్పాను. కాలేజీలో తనతో కలిసి చదువుకున్న స్నేహితుణ్ణి, ఎవరి పెళ్ళికి తాను సాక్షి సంతకం పెట్టాడో ఆ స్నేహితుణ్ణి, కాస్త దయ చూపమని పత్రికలో రాసినందుకు కత్తి కిందికి పంపిన రోజు గురించి చెప్పాను. చాలా బాగా చెప్పాను. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అది జరిగిన నెలే కాకినాడావిడ అత్తగారు విజిట్ వీసా మీద వచ్చారు. మోకాళ్ళ నొప్పులు. పార్కింగు నుంచి హాలు దాకా నడవడానికి పావుగంట పడుతుంది. కాకినాడావిడ ముందుగా వచ్చి ఒక కుర్చీ మీద తన హ్యాండ్‌బ్యాగు పెట్టింది. నేను చూశాను. అందరూ చూస్తుండగా వెళ్ళి ఆ బ్యాగు తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

ఆమె లేవలేదు. గొంతు పెంచలేదు. "అక్కా, ఆవిడ కింద కూర్చోలేరు. నిలబడలేరు."

"ఈ రూలు మనిద్దరం కలిసి రాసింది."

"మా అత్తగారిని నిలబెట్టడానికి రాయలేదు."

"నీకొక రూలు, వేరేవాళ్ళకొక రూలు పెట్టలేను."

ఆమె లేచి, అప్పుడే తలుపు దగ్గరికి వచ్చిన అత్తగారి చెయ్యి పట్టుకుని, ఆ జూలై ఎండలో మళ్ళీ పార్కింగు వైపు నడిపించుకు వెళ్ళింది. నేను వెనక వెళ్ళలేదు. కమిటీలోంచి ఆమె పేరు కొట్టేసిన కాగితం మీద మర్నాడు సంతకం పెట్టాను. నేను గొప్ప నిజాయితీపరురాలిననుకున్నాను. స్నేహితురాలినైనా వదలలేదు చూడండి అని లోలోపల గర్వపడ్డాను కూడా. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

రెండు నెలలకు ఒక ఫోన్ మెసేజీ నా దాకా వచ్చింది. కొంతమంది విడిగా ఒక విల్లాలో "ఫ్యామిలీస్ ఓన్లీ" విందు పెట్టుకుంటున్నారు. అప్పటికే రెండుసార్లు అయింది. క్యాంపు వాళ్ళకు చెప్పవద్దు, కార్యదర్శికి అసలే చెప్పవద్దు అని అందులో ఉంది. వెళ్ళినవాళ్ళ పేర్లు కూపీ లాగి రాసుకున్నాను. ఏడు పేర్లు తేలాయి. నాలుగోది మా ఆయనది. ఆ రెండు శుక్రవారాలూ సైటులో డ్యూటీ ఉందని నాతో చెప్పాడు.

తర్వాతి సమావేశంలో మైకు పట్టుకున్నాను. మనం ఒక మాట ఇచ్చుకున్నామని, ఆ మాటను కొందరు వెనకనుంచి పొడిచారని చెప్పాను. "వాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు నా దగ్గరున్నాయి. సమయం వచ్చినప్పుడు చదువుతాను."

"ఇప్పుడే చదవండి" అన్నారు ఎవరో.

చదవలేదు. నాలుగో పేరు దగ్గర నా గొంతు ఏమవుతుందో నాకు తెలియదు. అది ఒక కారణం. రెండో కారణం ఇంకా చెడ్డది. చదవకపోతే అందరూ భయపడి దారిలోకి వస్తారనుకున్నాను.

ఏడుగురు తప్పు చేశారు. కానీ ఆ హాల్లో ఎనభై మంది ఉన్నారు. ఏదో ఒక రోజు పక్క కుర్చీ మీద చున్నీ వేసినవాళ్ళు, వడ్డన వంతు ఎగ్గొట్టినవాళ్ళు, అందరూ తమ పేరు ఆ కాగితం మీద ఉందనే అనుకున్నారు. నేను కూర్చోకముందే అధ్యక్షుడు లేచారు. "మేడంగారు ఇక్కడికి రాజకీయాలు తెస్తున్నారు. పరాయి దేశంలో మనకిది క్షేమం కాదు. కార్యదర్శిని మార్చాలని ప్రతిపాదిస్తున్నాను."

"రాజకీయం కాదండీ. అన్నం" అన్నాను.

ఎవరూ వినలేదు. చేతులు లేచాయి. కాకినాడావిడ ఆ రోజు రాలేదు. మా ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు, అటూ ఎత్తలేదు, ఇటూ ఎత్తలేదు.

కారెక్కి సీటు బెల్టులు పెట్టుకున్నాం. తర్వాత అతనే అడిగాడు. "నా పేరుందా?"

"ఉంది."

"చదవాల్సింది. నన్ను నిలదీస్తే సరిపోయేది. అందర్నీ బెదిరించావు."

"నువ్వెందుకు వెళ్ళావు?"

"మా బాసు పిలిచాడు. కాదనలేకపోయాను. నీతో చెప్పడానికి కూడా భయమేసింది." అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. "నువ్వు చేసింది మంచిపనే. కానీ ఈమధ్య నువ్వంటే నాకు భయంగా ఉంది."

పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో అతను నాతో అలాంటి మాట అనలేదు. ఆ మాటకు మాత్రం నేను అలగలేదు.

వారం తర్వాత అధ్యక్షుడు ఫోన్ చేశారు. మామూలు సభ్యురాలిగా ఉండొచ్చని, ఒక చిన్న ఉత్తరం రాసిస్తే చాలని చెప్పారు. బంతి విషయంలో తొందరపడ్డానని, సంఘం వాతావరణం చెడగొట్టానని రాయాలట.

"పేర్లు మైకులో చదివినందుకు రాస్తాను. జ్వరమొచ్చిన పిల్ల తల్లిని రావద్దన్నందుకు రాస్తాను. బెదిరించినందుకు రాస్తాను" అన్నాను. "బంతికి మాత్రం రాయను."

"అసలు గొడవంతా అదేకదమ్మా."

"అందుకే రాయనండీ."

ఉత్తరం పంపలేదు. సంఘం గ్రూపులోంచి నా నంబరు తీసేశారు.

నెల తిరక్కుండా మేస్త్రీ ఫోన్ చేశాడు. "మేడం, వకీలు కత సగంల ఆగింది. ఆఖరుకు ఏమయిండు?" వాళ్ళ ఊరాయన ఒకరు నజ్మాలో గది తీసుకుని ఉంటున్నాడట. శుక్రవారం మధ్యాహ్నం అందరూ అక్కడ కలుస్తారు. "మీరు రండి. సార్‌ను గూడ తోలుకరండి."

వెళ్ళాం. కింద హోటలు, పైన గది, రెండంతస్తుల మంచాలు. నా కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. నేను చాప మీదే కూర్చున్నాను. తొమ్మిదిమంది. మా ఆయన తలుపు దగ్గర కూర్చున్నాడు.

చివరి రోజులు చెప్పాను. నిందితుడికి వకీలు అక్కర్లేదనే చట్టం తెచ్చింది తానూ ఒకప్పుడు వకీలైన ఆ మనిషి పక్షమేనని చెప్పాను. వారాల తరబడి సభకు రాకుండా, ఒకరోజు వచ్చి రెండు గంటలు మాట్లాడాడని, ద్రోహులు ఈ సభలోనే ఉన్నారన్నాడని, పేర్లు చెప్పమంటే చెప్పలేదని చెప్పాను. ఆ వాక్యం పూర్తి చేసి ఆగిపోయాను. అప్పటిదాకా, నమ్మండి, నాకు తట్టలేదు. ఇన్నేళ్ళు పిల్లలకు చెప్పిన పాఠం. పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను.

మేస్త్రీ నా మొహంలోకి చూశాడు. "ఎందుకు చెప్పలే మేడం పేర్లు?"

"రకరకాలుగా అంటారన్నా. నిజంగా ఎవరికీ తెలియదు."

"చెప్తే ఆ నలుగురే భయపడుదురు. చెప్పకుంటె అందరు భయపడ్డరు." నెమ్మదిగా అన్నాడు. "మీరు గూడ గట్లనే చేస్తిరి."

మా ఆయన తల దించుకున్నాడు. "చేశానన్నా" అన్నాను.

మిగతాది చెప్పాను. మర్నాడు సభలో అతన్ని నోరెత్తనివ్వలేదు. అరెస్టు చేశారు. ఆ గందరగోళంలో తుపాకీ గుండు తగిలి దవడ పగిలింది. తానే కాల్చుకున్నాడా, ఎవరైనా కాల్చారా అన్నది తేలలేదు. మాటలతో బతికిన మనిషి చివరి గంటల్లో ఒక్క మాట పలకలేకపోయాడు. దవడకు కట్టిన గుడ్డను తలారి లాగేసినప్పుడు వేసిన కేకే అతను చేసిన చివరి శబ్దం.

"మంచిగైంది. అంతమందిని సంపిచ్చిండు" అన్నాడు కడ్డీలు కట్టే పనిచేసే ఒకతను.

"అట్ల అనకు. బానిసలు వద్దన్నడు, గరీబోళ్ళకు ఓటు గావాలన్నడు. మేడం మొదట్ల చెప్పలే?" అన్నాడు ఇంకొకడు.

వాళ్ళిద్దరూ అరగంట వాదించుకున్నారు. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను చెప్పలేదు. అతను చంపించినవాళ్ళను లెక్కలోంచి తీసేయనివ్వలేదు, అతను అడిగిన న్యాయాన్ని కొట్టేయనూ ఇవ్వలేదు. తేలకుండానే టీ వచ్చింది.

మర్నాడు పై అంతస్తు మెట్లెక్కాను. కాకినాడావిడ తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా, అడ్డం కూడా నిలబడకుండా చూసింది.

"తప్పు చేశాను. ఆ రోజు నీ వెనక రావాల్సింది" అన్నాను.

"నాకు కాదక్కా. ఆవిడకు చెప్పు" అని, ఊరికి తిరిగి వెళ్ళిపోయిన అత్తగారి నంబరు ఫోన్‌లో నొక్కి నా చేతికిచ్చింది.

పెద్దావిడ అటునుంచి అంతా విన్నారు. "నువ్వేనా ఆ అమ్మాయివి. మోకాళ్ళ సంగతి దేవుడెరుగు, ఆ బ్యాగు అలా విసిరేసినట్టు పెట్టడం నాకు నచ్చలేదమ్మా" అన్నారు. విసరలేదని చెప్పబోయి, నోరు మూసుకున్నాను. ఆవిడ చాలాసేపు తిట్టారు. తిట్టడం అయ్యాక, మందులు ఏ కంపెనీవి వాడుతున్నారో కూడా చెప్పారు. కాకినాడావిడ ఈలోగా కాఫీ పెట్టింది. మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది.

సంఘంలో ఆ తర్వాత రెండు బంతులు మళ్ళీ పెట్టాలని ఎవరో ప్రతిపాదించారట. అధ్యక్షుడి భార్యే ఒప్పుకోలేదట. "రెండుసార్లు ఎవరు వడ్డిస్తారు, నా వల్ల కాదు" అందట. సమానత్వం గురించి నేను చెప్పిన ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సాటి రావు. అలా ఒకే బంతి నిలిచిపోయింది. నా పేరు ఎవరూ తల్చుకోరని మేస్త్రీ చెప్పాడు. తల్చుకోవాల్సిన పనీ లేదు.

పోయిన నెల అధ్యక్షుడు ఒక పెళ్ళి విందులో కలిశారు. జుట్టు బాగా నెరిసింది. "కొత్త కమిటీ వచ్చిందమ్మా. ఆ ఉత్తరం ఒక్కటి రాసిచ్చెయ్యకూడదూ? రెండు లైన్లు. ఎవరూ చదవరు కూడా."

"ఎవరూ చదవకపోయినా నేను రాసినట్టు నాకు తెలుస్తుంది కదండీ" అన్నాను.

ఆయన నవ్వి, నా ప్లేటు వైపు చూసి, పులిహోర బాగుందని, వేసుకోమని చెప్పి వెళ్ళిపోయారు. నేను వేసుకున్నాను. నిజంగానే బాగుంది.